శనివారం గది తాళంచెవి: కెనడాలోని తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

కెనడాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది దగ్గరపడుతోందంటే మీకు ఊపిరి సలపదు. హాలు అడ్వాన్సు, భోజనాలు, సౌండ్ సిస్టమ్, ఈ మంచుదేశంలో వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందన్న టెన్షన్. నాకు తెలుసు, రెండేళ్లు ఒక సంఘానికి కోశాధికారిగా చేశాను. కాబట్టి ఈ ఉత్తరాన్ని ఫిర్యాదు అనుకోకండి. సగం నా తప్పు ఒప్పుకోలు, సగం విన్నపం.

ముందు తప్పు సంగతి. ఎడ్మంటన్ రాకముందు మేం వేరే ఊళ్లో ఉండేవాళ్లం. ఆ సంఘం పేరు చెప్పను, దానితో పనీ లేదు. అక్కడ ఆదివారం పొద్దున ఒక కమ్యూనిటీ హాలు గదిలో తెలుగు తరగతి జరిగేది. గుంటూరు ఆవిడ ఒకరు నడిపేవారు. మొదట్లో ఇరవై ఇద్దరు పిల్లలు. మూడో ఏటికి తొమ్మిది మంది మిగిలారు. ఉగాదికి నెలన్నర ముందు డాన్సు ప్రాక్టీసుకి ఆ గది కావాల్సి వచ్చింది. తరగతిని తాత్కాలికంగా ఆపుదామని మీటింగులో అన్నారు. గది అద్దె ఇంత, పిల్లలు ఇంతమంది, తలకి ఇంత పడుతోంది అని ఎక్సెల్ షీటు వేసి చూపించింది నేనే. చేతులెత్తమన్నప్పుడు ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. బోర్డు మీద గుణింతం తుడిచేసి, డస్టర్ సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. ఆ తాత్కాలికం ఇంకా పూర్తి కాలేదు.

ఇప్పుడు మా పక్కింటావిడ గురించి చెప్పాలి. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే ఆవిడ గురించి.

2019లో ఎడ్మంటన్‌లో ఇల్లు తీసుకున్నాం. పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ, ఒక్కరే. చలికాలంలో నేను లేచి తలుపు తీసేసరికే ఆవిడ తన ముంగిట్లో మంచు ఎత్తేసి, పారతో మా గుమ్మం దాకా వచ్చి ఉండేవారు. ప్రతి శనివారం ఎనిమిదిన్నరకి రెండు బరువైన గుడ్డసంచులు కారులో పెట్టుకుని ఎక్కడికో వెళ్లేవారు. కూరగాయల కోసం అనుకున్నాం. మూడేళ్లపాటు అలాగే అనుకున్నాం. పక్కింటివాళ్ల గురించి మనకు తెలిసేది అంతే మరి.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. మా అక్క కొడుకు అప్పుడు విన్నిత్సియాలో మెడిసిన్ చదువుతున్నాడు. మన రెండు రాష్ట్రాల నుంచి ఎంతమంది పిల్లలు మెడిసిన్‌కి ఉక్రెయిన్ వెళ్లారో మీకు తెలుసు, మీ బంధువుల్లోనూ ఒకరుండే ఉంటారు. శ్రీకాళహస్తి నుంచి మా అక్క ఏడుపు ఒక ఫోన్లో, బంకర్లాంటి హాస్టల్ నేలమాళిగ నుంచి వాడి గొంతు ఇంకో ఫోన్లో. నేను వాకిట్లో నిలబడి అరుస్తున్నాను. ఆవిడ కంచె దగ్గరికొచ్చి ఏమైందని అడిగారు. చెప్పాను. "ఆ ఫోను ఇలా ఇవ్వు" అన్నారు.

వాడి చదువంతా ఇంగ్లీషులోనే. ఉక్రేనియన్‌లో వాడికి వచ్చింది రొట్టె, పాలు, ఎంత, ధన్యవాదాలు, అంతవరకే. ఆవిడ వాడిచేత నాలుగు వాక్యాలు పలికించారు. నేనొక విద్యార్థిని. సరిహద్దు ఎటు. నీళ్లున్నాయా. దయచేసి సాయం చెయ్యండి. ఆఖరిది "బుద్ లాస్కా, దొపొమొజీత్". ఒక్కో మాటా మూడుసార్లు అనిపించారు. ఉచ్చారణ తప్పితే ఆపి మళ్లీ అనిపించారు. బయట సైరన్ మోగుతుంటే ఈవిడ ఒత్తులు సరిచేస్తున్నారేమిటా అనిపించింది నాకు. వాడు అవన్నీ తెలుగు లిపిలో నోట్‌బుక్ అట్ట వెనక రాసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత బస్సు దూరంగానే దింపేస్తే, చలిలో కొన్ని కిలోమీటర్లు నడిచి రొమేనియా సరిహద్దు దాటాడు. అక్కణ్ణుంచి ఆపరేషన్ గంగ విమానంలో ఢిల్లీ, ఆ తర్వాత ఇల్లు. దారిలో ఆ వాక్యాలు మూడుచోట్ల పనికొచ్చాయన్నాడు. ఆ అట్ట మా అక్క దాచి పెట్టింది.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లి, మీకు ఇంత ఓపిగ్గా పాఠం చెప్పడం ఎలా వచ్చిందని అడిగితే, ఆ రెండు గుడ్డసంచుల సంగతి బయటపడింది. అందులో ఉన్నవి పుస్తకాలు. 1968 నుంచి ప్రతి శనివారం ఆవిడ ఉక్రేనియన్ బడిలో పాఠం చెబుతున్నారు. వారం పొడుగునా సర్కారు బళ్లో లెక్కల టీచరు, శనివారం ఇది. ఉద్యోగానికి రిటైర్మెంట్ ఉంది, దీనికి లేదు. జీతం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పిల్లలు ఆవిడని "పానీ" అంటారు. మన హైదరాబాద్ పానీ కాదు, ఉక్రేనియన్‌లో అమ్మగారు అన్నట్టు గౌరవంగా పిలిచే మాట. ఆవిడ పేరు పేపరుకెక్కడం ఆవిడకి ఇష్టం లేదు. నేనూ పానీ అనే రాస్తాను.

పానీ పుట్టింది 1948లో, జర్మనీలో బవేరియాలోని ఒక శరణార్థుల శిబిరంలో. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఇంటికి వెళ్లలేక, వెళ్తే స్టాలిన్ ఏం చేస్తాడో తెలిసి, సుమారు 2 లక్షల మంది ఉక్రేనియన్లు జర్మనీ, ఆస్ట్రియాల్లోని శిబిరాల్లో ఉండిపోయారు. తిండికి రేషన్, పడుకోడానికి బారకాసుల్లో దుప్పటి తెరలు. అలాంటిచోట వాళ్లు మొదట పెట్టుకున్నవాటిలో బడి ఒకటి. పుస్తకాలు, పత్రికలు అచ్చేసుకున్నారు, నాటకాలాడుకున్నారు. పానీ తండ్రి ఆ శిబిరం బళ్లో టీచరు. 1950లో కెనడా వచ్చాక ఆయన మాంసం ఫ్యాక్టరీలో పనిచేశాడు, శనివారం మాత్రం కోటు వేసుకుని బడికి వెళ్లేవాడట. ఆయన చేతికింద పానీ సహాయకురాలిగా చేరారు. ఇరవయ్యేళ్ల పిల్లగా.

నేను మొదటిసారి ఆ శనివారం బడికి వెళ్లింది మా అమ్మాయిని తీసుకుని, ఈస్టర్ ముందు. ఆ రోజు పిల్లలు గుడ్ల మీద బొమ్మలు వేస్తున్నారు, దాన్ని పీసంక అంటారు. "పిసాతి" అంటే రాయడం, దాన్నుంచే పీసంక. అంటే గుడ్డు మీద వేసేది బొమ్మ కాదు, రాత. ఈ మాట వినగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. మాది శ్రీకాళహస్తి. అందరూ కలంకారీ అనే పనిని మా ఊళ్లో పాతకాలం వాళ్లు వ్రాతపని అనేవాళ్లు.

పని ఎలా సాగుతుందో దగ్గరగా చూశాను. పుల్ల చివర చిన్న రాగి గరాటు కట్టి ఉంటుంది, దాన్ని కీస్త్క అంటారు. గరాటుని కొవ్వొత్తి మంటలో వేడి చేసి, తేనెమైనంలో గుచ్చి, తెల్లగుడ్డు మీద గీత గీయాలి. తెల్లగా మిగలాల్సినవన్నీ ముందు మైనంతో కప్పెయ్యాలి. అప్పుడు పసుపు రంగులో ముంచాలి. తీసి, పసుపుగా ఉండాల్సిన చోట మళ్లీ మైనం. తర్వాత నారింజ, తర్వాత ఎరుపు, ఆఖర్న నలుపు. లేత రంగు నుంచి ముదురు రంగుకే వెళ్లాలి, వెనక్కి రావడం కుదరదు. అన్నీ అయ్యేసరికి చేతిలో మిగిలేది మసిబట్టిన నల్లముద్ద. మా అమ్మాయి మొహం వేలాడేసింది. పానీ ఏమీ అనకుండా ఆ గుడ్డుని కొవ్వొత్తి మంట పక్కగా పట్టుకున్నారు. పైన కాదు, పక్కగా. పైన పెడితే మసి పడుతుంది. మైనం కరిగి మెరుస్తున్న చోటల్లా మెత్తటి గుడ్డతో తుడిచారు. ముందు ఒక పసుపుగీత బయటపడింది, తర్వాత ఎర్రచుక్క, తర్వాత ఎనిమిది రేకుల నక్షత్రం. మా అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడింది. మా తాతగారి వీధిలో కరక్కాయ నీళ్లల్లో తడిపి ఆరేసిన గుడ్డ మీద కసిమి నలుపు తేలుతుంటే నేనూ ఇలాగే చూసేవాణ్ణి. ఆ పని నేను నేర్చుకోలేదు. నేర్పుతామన్నవాళ్లు లేకా, నాకు తీరిక లేకా అంటే, రెండోదే.

2024లో యునెస్కో ఈ పీసంక కళని మానవజాతి సంప్రదాయాల జాబితాలో చేర్చింది. చెబితే పానీ తలాడించి, "మంచిదే, రంగులు అయిపోయాయి, తెప్పించాలి" అన్నారు.

పానీ దగ్గర నేను విన్న పాఠాల్లో నన్ను వదలనిది ఒక అక్షరం కథ. ఉక్రేనియన్‌లో 33 అక్షరాలు. మన దగ్గర చదువుకున్నవాళ్లకి అది నవ్వులాట. వాటిలో ఒకటి ґ. మన "గ" లాంటి శబ్దం, తలమీద చిన్న కొమ్ముంటుంది. కొమ్ము లేని г వాళ్ల భాషలో దాదాపు మన "హ". గుండీని, వసారాని, నేలని చెప్పే మాటలు ఈ కొమ్ము అక్షరంతోనే మొదలవుతాయి. 1933లో సోవియట్ ప్రభుత్వం వర్ణమాల నుంచి దీన్ని తీసేసింది. అప్పటికి కరువు పెట్టి ఉక్రెయిన్ పల్లెల్లో లక్షల మందిని చంపుతున్నారు. హొలొదొమోర్ అనేది ఆ కరువునే. మరోపక్క ఉక్రేనియన్‌ని రష్యన్‌కి దగ్గరగా జరపడానికి రాతని సవరిస్తున్నారు. అంతకుముందు రాతకి నియమాలు కూర్చిన మంత్రి మికోలా స్క్రిప్నిక్ ఆ ఏడాది జూలైలో తుపాకితో కాల్చుకుని చచ్చిపోయాడు. ఆ తర్వాత 1990 దాకా ఉక్రెయిన్‌లో పిల్లల వాచకాల్లో ఆ అక్షరం లేదు. ఎడ్మంటన్‌లో, టొరంటోలో, మ్యూనిక్‌లో శనివారం బళ్లల్లో మాత్రం ఉంది. పానీ దగ్గర ఆ కొమ్ము మీట ఉన్న టైపు మిషను ఇంకా పనిచేస్తుంది. దాని మీద స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీసి పిల్లలకి పాఠాలు పంచేవారు. ఒక దేశం తన వర్ణమాలలోంచి పోగొట్టుకున్న అక్షరాన్ని యాభై ఏడేళ్లు వేరే దేశంలో ఎవరో వారానికోసారి బోర్డు మీద రాస్తూ కూర్చున్నారు.

ఇది విన్నాక నాకు మన బండి ఱ గుర్తొచ్చింది. మనకి ఏ స్టాలినూ అడ్డురాలేదు. మనమే వదిలేశాం.

చరిత్ర ఎక్కువ చెప్పి విసిగించను గానీ, ఒక్క ఏడాది గురించి చెప్పి తీరాలి. 1863. ఆ ఏడాది జూలైలో రష్యా చక్రవర్తి మంత్రి వలూయెవ్ ఒక సర్క్యులర్ తీశాడు. ఉక్రేనియన్ అనే వేరే భాషే లేదని, ఉండబోదని, అందులో మతపుస్తకాలు, చదువు పుస్తకాలు అచ్చెయ్యకూడదని. 1876లో అది ఇంకా బిగిసింది, నాటకాలూ వద్దన్నారు, బయటి నుంచి పుస్తకాలు తెచ్చుకోవడమూ వద్దన్నారు. ఆ సర్క్యులర్ వచ్చిన నెలన్నరలోపే, 1863 ఆగస్టు 29న, మన గిడుగు రామమూర్తి పుట్టాడు. తెలుగు భాషా దినోత్సవం నాడు ఆయన ఫొటోకి దండ వేస్తాం, వ్యావహారిక భాష గురించి మాట్లాడతాం. ఆయన పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు నడిపించాడన్న సంగతి మాత్రం ఆ ఉపన్యాసాల్లో ఆఖరి నిమిషంలోకి వెళ్లిపోతుంది. పానీకి ఆయన గురించి చెప్పాను. "తన భాష కానిదానికా?" అని రెండుసార్లు అడిగారు. ఆ తర్వాతి శనివారం తన క్లాసులో పిల్లలకి ఆయన కథ చెప్పారు, బోర్డు మీద పేరు ఉక్రేనియన్‌లో రాసి. గిడుగులో ఉన్న రెండు "గ"లకీ కొమ్ము పెట్టి.

మీరనుకోవచ్చు, వాళ్లకేం, కెనడాలో ఉక్రేనియన్లు ఎప్పణ్ణుంచో ఉన్నారు, బలం ఉంది, ప్రభుత్వం వాళ్ల మాట వింటుంది అని. వినడం అంత తేలిగ్గా జరగలేదు. మొదటి ఇద్దరు, ఇవాన్ పిలిపివ్, వాసిల్ ఎలెనియాక్, 1891లో వచ్చారు. తర్వాత వేల కుటుంబాలు ఆల్బర్టా, సస్కాచివాన్, మానిటోబా బీడు భూముల్లో మట్టి ఇళ్లు కట్టుకున్నాయి. మానిటోబాలో ఇంగ్లీషుతో పాటు ఇంకో భాషలో చదువు చెప్పే వీలుండేది, 1916లో తీసేశారు. ఆల్బర్టాలో 1913లోనే ఉక్రేనియన్ టీచర్లని తప్పిస్తే ఊళ్లు తిరగబడ్డాయి. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుదేశమైన ఆస్ట్రియా పాస్‌పోర్టు ఉన్న పాపానికి వేలమందిని శిబిరాల్లో పెట్టి చాకిరీ చేయించారు. బళ్లో ఉక్రేనియన్ మాట్లాడితే బెత్తం దెబ్బలు తిన్నామని చెప్పే ముసలివాళ్లని పానీ చిన్నప్పుడు బోలెడంతమందిని చూశారట. ఇంగ్లీషు కాని భాషల్లోనూ చదువు చెప్పనిచ్చేలా ఆల్బర్టా స్కూలు చట్టం మారింది 1971లో. ఎడ్మంటన్ సర్కారు బళ్లల్లో ఇంగ్లీషు, ఉక్రేనియన్ రెండింట్లో చదువు చెప్పే తరగతులు మొదలైంది 1974లో. దాని కోసం మనోలీ లూపుల్ లాంటి ప్రొఫెసర్లు, లాయర్లు తిరిగారు, వాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. కానీ మంత్రి ముందు కూర్చున్నప్పుడు చూపించడానికి వాళ్ల చేతిలో ఉన్నదేమిటి? ఇదిగో, జీతాల్లేకుండా ఇన్నేళ్లుగా ఇన్ని శనివారం బళ్లు నడుస్తున్నాయి, పిల్లలు వస్తున్నారు, అన్న మాట. ఆ మాట నిజమయ్యింది పానీ తండ్రి లాంటివాళ్ల వల్ల.

డబ్బు సంగతి కూడా అడిగాను, పాత అలవాటు పోదు కదా. చర్చి నేలమాళిగ వంటింట్లోకి తీసుకెళ్లి చూపించారు. పొడవాటి బల్ల, చుట్టూ పదిహేనుమంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. పిండి గుండ్రంగా ఒత్తి, మధ్యలో ఉడికించిన బంగాళాదుంప, చీజ్ ముద్ద పెట్టి, సగానికి మడిచి అంచు నొక్కుతున్నారు. వాటిని పిరొహీ అంటారు. అచ్చం మన కజ్జికాయలే, నూనెలో వేయించరు, నీళ్లల్లో ఉడికిస్తారు. అంచు సరిగ్గా మూయకపోతే నీళ్లల్లో విచ్చుకుపోతాయి కాబట్టి కొత్తవాళ్ల చేతివి పక్కన పెడతారు. నావీ పక్కన పెట్టారు. డజన్ల లెక్కన అమ్ముతారు. ఆ డబ్బే గది అద్దె, పుస్తకాలు, సుద్దముక్కలు. స్పాన్సరు దొరికితే బడి, లేకపోతే లేదు అన్న లెక్క అక్కడ లేదు.

2022 వేసవికి ఆ బడి మారిపోయింది. యుద్ధం నుంచి తప్పించుకుని ఉక్రేనియన్లు తాత్కాలిక అనుమతి మీద కెనడా రావడం మొదలైంది, 2024 నాటికి దాదాపు 3 లక్షల మంది వచ్చారు, మా ఊరికీ చాలామంది వచ్చారు. ఏడుగురున్న పానీ క్లాసులో కుర్చీలు చాలలేదు. సంబరపడి ఉంటారనుకున్నాను. మొదటి నెల ఆవిడ డీలా పడిపోయారు. ఎందుకంటే వచ్చిన పిల్లల భాష ఆవిడ భాష కాదు. కొందరు తూర్పున ఖార్కివ్ వైపు పిల్లలు, ఇంట్లో రష్యన్ మాట్లాడేవాళ్లు. కొందరి ఉక్రేనియన్ ఆవిడకంటే చురుకు. ఆవిడ పిరొహీ అంటే వాళ్లు వరెనికి అంటారు. ఈవిడది తాతలనాటి గలీషియా యాస, అంటే పడమటి ఉక్రెయిన్ వాళ్లది, అందులో కెనడా రైతులు కలుపుకున్న మాటలు. ట్రక్కుని "ట్రొక్" అని, స్టోరుని "ష్టోర్" అని, కారుని "కారా" అని. మనవాళ్లు బస్సు, రోడ్డు, కారు అన్నట్టే. ఒకరోజు వాన పడుతుంటే ఖార్కివ్ నుంచి వచ్చిన ఒక కొత్తపిల్లాడితో "రా, నా కారాలో కూర్చో" అన్నారట. వాడు వణికిపోయాడు. ఉక్రెయిన్‌లో కారా అంటే శిక్ష.

ఈ కథ చెప్పి ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నవ్వాక చేసిన పనే నాకు ముఖ్యం. ఆ పిల్లాడి తల్లి అక్కడ బళ్లో టీచరు, ఇక్కడ హోటల్లో గదులు శుభ్రం చేస్తోంది. పానీ ఆవిడని పిలిచి, పెద్దపిల్లల క్లాసు నువ్వు చెప్పు, నేను వెనక కూర్చుంటాను అన్నారు. యాభైనాలుగేళ్లు తనదైన కుర్చీలోంచి లేచి వెనక బెంచీకి వెళ్లారు. కొత్త మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంటారు. "నేను దాచింది అటకెక్కిన సామాను. వాడుకునేవాళ్లు వచ్చారు, ఏది పనికొస్తే అది తీసుకుంటారు" అన్నారు. మన సంఘాల్లో అధ్యక్ష పదవి చేతులు మారేటప్పటి గొడవలు చూసినవాణ్ణి కాబట్టి నాకది వింతగా తోచింది.

గొప్పలే చెబుతున్నానని అనుకోకండి. ఇబ్బంది పెట్టే లెక్క ఒకటుంది, అదీ నేనే ఆవిడ ముందు పెట్టాను. కెనడా 2016 జనగణనలో తమది ఉక్రేనియన్ మూలం అని రాసినవాళ్లు 13 లక్షల 50 వేలకు పైనే. ఉక్రేనియన్ మాతృభాష అన్నవాళ్లు లక్ష దాటి కాస్త. ఇన్ని బళ్లు, చట్టాలు, యూనివర్సిటీ పీఠాలు ఉన్నా పదమూడు మందిలో ఒకరికే భాష మిగిలింది. మరి మీ శ్రమ? అన్నాను. పానీ కాసేపు ఆలోచించి, "ఇంత చేస్తే ఇంత మిగిలింది. ఏమీ చెయ్యకపోతే ఎంత మిగిలేదో నువ్వే వెయ్యి లెక్క. కోశాధికారివి కదా" అన్నారు.

ఆ గుంటూరు ఆవిడ సంగతి పానీకి చెప్పింది ఆ రోజే. తొమ్మిది మంది పిల్లలకి బడి మూసేశామంటే ఆవిడ మొహంలో కోపం చూశాను, మొదటిసారి. 1980ల్లో ఒక ఏడాది ఆవిడ క్లాసులో ముగ్గురే ఉన్నారట. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి ఇప్పుడు ఇక్కడి సర్కారు బళ్లో ఉక్రేనియన్ టీచరు. మిగతా ఇద్దరూ అంతా మర్చిపోయారని కూడా చెప్పారు. దాచలేదు.

ఇక విన్నపాలు.

భాష తరగతిని తలల లెక్కన చూడటం మానండి. అది ఈవెంట్ కాదు, టిక్కెట్లు అమ్ముడుపోకపోతే రద్దు చెయ్యడానికి. పిల్లలు తగ్గితే ఎందుకు తగ్గారో ఆ తల్లిదండ్రుల్ని అడగండి, గది మాత్రం ఇవ్వండి. మీ ఏడాది బడ్జెట్‌లో భోజనాల తర్వాత కాదు, ముందు రాయండి ఆ అద్దె. ఎంతని? మా పాత సంఘం లెక్కలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఏడాది గది అద్దె ఒక్క దీపావళి రాత్రి సౌండ్, లైటింగ్ ఖర్చు కంటే తక్కువ.

గది ఎప్పుడూ ఒకటే ఉండాలి, వేళ ఎప్పుడూ ఒకటే ఉండాలి. ఈ వారం లైబ్రరీ, వచ్చేవారం ఎవరింటి బేస్‌మెంటో అంటే నిలవదు. పానీ బడి మూడు చర్చిలు మారింది గానీ శనివారం తొమ్మిదిన్నర మారలేదు. ఆవిడ పెళ్లి జరిగిన వారం కూడా శనివారం క్లాసు ఉందట, పెళ్లి ఆదివారం పెట్టుకున్నారు.

టీచర్లని ఒంటరిగా వదలకండి. మనబడి లాంటి సంస్థలు 2007 నుంచి వాలంటీర్లతోనే ఇంత పని చేస్తున్నాయి, పాఠాలు కూర్చిపెట్టాయి, మనం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. కావాల్సింది రెండో మనిషి. మొదటి టీచరుకి జ్వరం వస్తే బోర్డు ముందు నిలబడే మనిషి. మా గుంటూరు ఆవిడకి ఆ రెండో మనిషి లేరు. నేను ఉండొచ్చు. నాకు ఎక్సెల్ షీటే వచ్చనుకున్నాను.

ఇంకొకటి, కాస్త మొహమాటంగానే రాస్తున్నాను. తెలుగు చెప్పే టీచరుకి ఉగాది వేదిక మీద శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, ఫొటో తీసి దింపెయ్యకండి. పానీ ఆ బళ్లో చేరి నలభయ్యేళ్లు నిండినప్పుడు వాళ్ల సంఘంవాళ్లు ఇత్తడి ఫలకం చేయిస్తామన్నారట. ఆవిడ ఫలకం వద్దని జిరాక్స్ మిషను అడిగారు. ఇచ్చారు. అది ఇంకా ఆ గదిలోనే ఉంది, పేపరు ఇరుక్కుంటుంది గానీ పనిచేస్తుంది.

ఈ జనవరిలో పానీకి మోకాలి ఆపరేషన్ అయ్యింది. శనివారం బడి తాళంచెవుల గుత్తి ఆ ఖార్కివ్ ఆవిడకి ఇచ్చేశారు. గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి పక్కన పెట్టి, నన్ను పిలిచి ఇచ్చారు. వాళ్ల బడి పక్కనున్న చిన్న గదిది. ఒకప్పుడు పిరొహీ డబ్బాలు పెట్టే గది. అద్దె అడిగితే నెలకోసారి వచ్చి పిండి ఒత్తమన్నారు, అంచులు మూయడం నేర్చుకోమన్నారు.

వచ్చే శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి అక్కడ తెలుగు తరగతి మొదలవుతోంది. నలుగురు పిల్లలు. ఒకరు మా అమ్మాయి. బోర్డు ఉంది, సుద్దముక్కలు పానీ ఇచ్చారు. గుంటూరు ఆవిడకి ఫోను చేసి క్షమాపణ అడిగాను, వారం వారం వీడియోలో చెబుతానన్నారు. ఎడ్మంటన్‌లో ఉన్నవాళ్లు మీ పిల్లల్ని పంపండి. గదిలో బోర్డు ముందు నిలబడే రెండో మనిషి కూడా కావాలి. నాకు గుణింతం వస్తుంది గానీ ఛందస్సు రాదు. బండి ఱ మాత్రం మొదటి రోజే చెబుతాను.

ఇట్లు,
ఒక మాజీ కోశాధికారి,
ఎడ్మంటన్